లేని కడుపునొప్పితో రష్యా డాక్టరు దగ్గరికి

నా చిన్నప్పుడు మా ఇందుకూరుపేట బజారులో ఒక డాక్టరు ఉండేవాడు. ఆయన బోర్డు మీద పేరుకంటే పేరు వెనక అక్షరాలే ఎక్కువ. చివర బ్రాకెట్లో లండన్ అని కూడా ఉండేది. ఆ అక్షరాలకు అర్థం ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఆయనకైనా తెలుసో లేదో ఎవరూ అడగలేదు. మా అవ్వ జ్వరంతో ఆయన దగ్గరికి నడిచి వెళ్ళింది, మంచం మీద తిరిగొచ్చింది. మళ్ళీ లేవలేదు. అప్పటినుంచి డాక్టరనే మాట వింటేనే మా తాతకు ఒళ్ళు మండేది.

అసలే మా తాత అనుమానం మనిషి. విత్తనాల వడ్లు కొనాలంటే బుచ్చిరెడ్డిపాలెం షావుకారు ఎన్ని ఒట్లు పెట్టినా వినేవాడు కాదు. ఒక గుప్పెడు తెచ్చి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాకే బేరం. పాలల్లో నీళ్ళుంటాయి, నీళ్ళల్లో ఉప్పుంటుంది, పెళ్ళి సంబంధం తెచ్చేవాడి మాటల్లో రెండూ ఉంటాయి అనేవాడు.

అలాంటి చోటికి ఇంకో డాక్టరు వచ్చాడు. కుర్రవాడు. సొంతూరు గూడూరట, వైద్యం మాత్రం రష్యాలో చదివాడట. బట్టల సాయిబు గారి ఇంటి ముందుగది అద్దెకు తీసుకుని, పేరు ఒక్కటే రాసిన చిన్న బోర్డు పెట్టాడు. లోపల గోడకు ఒక పట్టా వేలాడుతుండేది. దాని మీది అక్షరాలు ఇంగ్లీషులాగే ఉండి ఇంగ్లీషు కావు, కొన్నయితే తిరగేసి రాసినట్టుండేవి. హైస్కూలు మాస్టరు గారంతటివారే చదవలేక తల గోక్కున్నారు. ఊరంతా పెదవి విరిచింది. లండన్ అంటే దొరల దేశం, అక్కడ వైద్యం ఉంటుంది. రష్యాలో వైద్యం ఉంటుందని ఎవరు విన్నారు?

"అది డాక్టరు కాయితమో, రైలు టిక్కెట్టో, ఎవుడు చూసొచ్చినాడు?" అనేశాడు తాత.

అన్నాడేగానీ ఆయనకు లోపల బెంగగానే ఉండేది. ఇంటినిండా పిల్లలం. రేపు ఎవరికి ఏమొచ్చినా ఈ ఇద్దరిలో ఎవరో ఒకరి గడప తొక్కక తప్పదు. అందుకని విత్తనాలకు పెట్టినట్టే ఈ కొత్తాయనకూ ఒక పరీక్ష పెట్టాలనుకున్నాడు. ఏ రోగమూ లేని పిల్లను తీసుకుపోయి కడుపునొప్పని చెప్పించడం. మందిచ్చాడా, దొంగ. ఏమీ లేదు పొమ్మన్నాడా, అప్పుడు ఆలోచిద్దాం. ఆ ఏ రోగమూ లేని పిల్లను నేనే.

"యాడ నొక్కినా అబ్బా అను. నవ్వబాక," అని దారి పొడుగునా నేర్పించుకుంటూ తీసుకెళ్ళాడు.

డాక్టరు పొట్ట నొక్కాడు, అబ్బా అన్నాను. ఇంకోచోట నొక్కాడు, ఇంకా గట్టిగా అన్నాను. ఆయన నవ్వి, కడుపులో ఏమీ లేదని చెప్పాడు. తాత ముఖం కాస్త మెత్తబడింది. అంతలో డాక్టరు చెవులకు గొట్టం తగిలించుకుని నా ఎదమీద పెట్టాడు. నవ్వు ఆగిపోయింది. ముందు విన్నాడు, వీపు మీద విన్నాడు, మళ్ళీ ముందుకొచ్చాడు. పరిగెత్తితే ఆయాసం వస్తుందా అని అడిగాడు. దానికి తాత ఏ జవాబూ నేర్పలేదు గనక ఉన్నమాటే చెప్పాను. మైపాడు సముద్రపొడ్డు ఇసకలో పిల్లలంతా పరుగులు పెడుతుంటే నేను మధ్యలోనే కూలబడేదాన్ని. ఇంట్లో వాళ్ళు నన్ను సోమరిపోతనేవాళ్ళు, నేనూ అదే నిజమనుకున్నాను.

గుండెలో ఒక శబ్దం వినిపిస్తోందని, పెద్ద డాక్టరుకు చూపించాలని ఆయన అనగానే తాత లేచి నిలబడ్డాడు.

"దొరికినావయ్యా దొంగా! పిల్లకు ఏ నొప్పీ లేదు, నేనే నేర్పించి పిల్చకొచ్చినా. లేని రోగం ఉండాదని చెప్తావా?"

నాకు భయమేసింది. ఇంకొకరైతే మమ్మల్ని బయటికి గెంటేవాళ్ళు. ఆయన మాత్రం తాతను కూర్చోమని బల్ల చూపించాడు.

"పెద్దాయనా, నన్ను నమ్మబాకండి. మద్రాసు పొయ్యి మీకు నచ్చిన ఆస్పత్రిలో చూపించండి. నేను చీటీ రాయను. ఆడ నా పేరూ చెప్పబాకండి, గుండె మాటా ఎత్తబాకండి. దగ్గని చెప్పండి, చాలు. ఆడి డాక్టరు తనంతట తనే ఇదే మాటంటే అప్పుడు ఆలోచించండి."

తాత ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు. మందిచ్చి ఉంటే డబ్బు కోసమనేవాడు. చీటీ రాసుంటే కమీషను కోసమనేవాడు. ఆయన ఏదీ ఇవ్వలేదు. లాభం లేకుండా అబద్ధం ఎవడాడతాడని అరుగు మీద కూర్చుని తనతో తనే వాదించుకున్నాడు. నా ప్రాణం ఆ వాదన మీద ఆధారపడి ఉందని నాకేం తెలుసు. కొన్నాళ్ళకు, ఆ కుర్రవాడి అబద్ధం మద్రాసులో తేల్చి పారేస్తానని శపథం చేసి నన్ను రైలెక్కించాడు.

మద్రాసులో తాత దగ్గని తప్ప ఇంకో ముక్క మాట్లాడలేదు. అక్కడి పెద్ద డాక్టరు నా ఎదమీద గొట్టం పెట్టి విని, పక్కనున్న చిన్న డాక్టర్లను పిలిచి ఒక్కొక్కరినీ వినమన్నాడు. పుట్టగానే మూసుకుపోవలసిన ఒక రక్తనాళం నాకు గుండె పక్కన మూసుకోలేదట. అలాగే వదిలేస్తే నిండా వయసు రాకుండానే గుండె అలిసిపోతుందన్నాడు. ఆపరేషన్ చేస్తే మామూలు పిల్లలాగే బతుకుతుందన్నాడు. ఇన్నాళ్ళూ ఈ శబ్దం ఎవరి చెవినా పడలేదా అని అడిగాడు.

"ఒకాయన చెవిన పడింది సామీ. నేనే ఆయన్ని దొంగన్నా," అని తాత అక్కడే ఏడ్చేశాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

ఆపరేషన్ అయి తిరిగొచ్చాక తాత నన్ను వెంటబెట్టుకుని నేరుగా సాయిబు గారింటికి వెళ్ళాడు. దణ్ణం పెడతాడేమో అనుకున్నాను. పెట్టలేదు. గోడ మీది పట్టా చూపించి, అందులో ఏముందో చదవమన్నాడు. ఇంకా అనుమానమే! డాక్టరు ఓపిగ్గా చదివి చెప్పాడు. అక్కడ ఆరేళ్ళ వైద్యం చదువు పూర్తయితే ఎం.డి. అని ఇస్తారట. మన దగ్గరైతే ఎం.బి.బి.ఎస్. అయ్యాక, ఆపైన చదివితే వచ్చేది ఎం.డి.

"మరి బోర్డు మీద ఆ అక్షరాలెందుకు ఏసుకోలేదు?" అన్నాడు తాత.

"ఏస్తే మీరు నన్ను ఇక్కడి ఎం.డి. అనుకుంటారు. నేను అంత చదవలేదు పెద్దాయనా."

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరికి తుమ్మొచ్చినా సాయిబు గారి ముందుగదికే. వెళ్ళిన ప్రతిసారీ తాత ఆయన్ని ఏదో ఒకటి గుచ్చి గుచ్చి అడిగేవాడు, ఆయన నవ్వుతూ చెప్పేవాడు.

ఇప్పుడు మా నెల్లూరు పిల్లలు ఫిలిప్పీన్సని, జార్జియా అని, నోరు తిరగని దేశాలకు పోయి వైద్యం చదివొస్తున్నారు. ఇక్కడ మళ్ళీ పరీక్ష రాసి నెగ్గితేనే వాళ్ళను వైద్యం చెయ్యనిస్తారు. అయినా జనం ఏ దేశంలో చదివావని అడిగి పెదవి విరుస్తూనే ఉన్నారు. నేనూ తక్కువదాన్ని కాదు, తాత పోలిక. కొత్త డాక్టరు ఎవరైనా సరే, చెప్పింది విని, ఇంకొకరికి కూడా చూపించుకోనా అని అడుగుతాను. అడిగి ముఖం చూస్తాను. ముఖం మాడ్చుకున్నవాళ్ళ గడప మళ్ళీ తొక్కను, వాళ్ళు ఏ దేశంలో ఏం చదివినా సరే.

నా ఎడమ రెక్క కింద ఆపరేషన్ మచ్చ ఇంకా ఉంది. స్నానం చేసేటప్పుడు చేతికి తగిలితే మా తాతకంటే ముందు ఆ డాక్టరే గుర్తొస్తాడు. తన గదిలో, తన ముఖం మీదే దొంగవన్న ముసలాయన మీద ఆయనకు కోపం వచ్చి ఉంటే, ఎవరూ తప్పు పట్టరు. నేను మాత్రం ఉండేదాన్ని కాదు.