చాచా నడిపిన ఓటీ

చాచా పోయాడు. ఆ మాట నాకు ఆయన ఇంటివాళ్లు చెప్పలేదు, మా పాత కాలేజీ చెప్పింది. పటాన్‌చెరుకూ సంగారెడ్డికీ మధ్య హైవే పక్కన ఉండే ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీ నుంచి ఒక లెక్చరరు గారు ఫోన్ చేశారు. "మన పాత అటెండరు, అదే, మీరంతా చాచా అనేవారే, శుక్రవారం గుండెపోటుతో పోయారండీ. బుధవారం సంతాప సభ పెడుతున్నాం. పూర్వ విద్యార్థుల తరఫున మీరు రెండు ముక్కలు మాట్లాడాలి," అన్నారు. అని ఊరుకోలేదు. "కొంచెం మంచి షర్టు వేసుకుని రండి, ఫొటోలుంటాయి," అని కూడా కలిపారు. వచ్చే నెల యూనివర్సిటీ నుంచి కమిటీ వస్తోందట, పూర్వ విద్యార్థులతో సభ జరిగినట్టు ఫైల్లో ఉండాలట. చచ్చిపోయిన మనిషిని కూడా ఫైల్లో పెట్టుకునే వాళ్ల మీద కోపం తెచ్చుకోవడం నేను ఎప్పుడో మానేశాను. ఇప్పుడు అసహ్యం ఒక్కటే మిగిలింది.

ఈ అసహ్యం ఎక్కడ మొదలైందో మీకు చెప్పాలి. తొంభైల చివర్లో మేము అక్కడ చదువుకునేటప్పుడు ‘స్టూడెంట్ యాక్టివిటీ సెంటర్’ అని ఒక గది కట్టారు. విద్యార్థి జీవితం తరగతి గదితో ఆగిపోకూడదని ప్రిన్సిపాల్ గారు రిబ్బను కత్తిరించే ముందు అరగంట మాట్లాడారు. ఆ అరగంటా మమ్మల్ని ఎండలో నిలబెట్టారు. లోపల రెండు క్యారం బోర్డులు, ఒక టేబుల్ టెన్నిస్ బల్ల, హార్మోనియం, మైకు సెట్టు, రెండు బీరువాల నిండా పుస్తకాలు. మమ్మల్ని వరుసగా ఒక తలుపులోంచి లోపలికి పంపి ఇంకో తలుపులోంచి బయటికి తోలారు. మర్నాడు తాళం పడింది. వాడితే సామాన్లు పాడవుతాయి, పాడైతే కమిటీకి ఏం చూపిస్తాం అని ప్రిన్సిపాల్ గారి బాధ. పిల్లల చెయ్యి తగలకుండా ఉంటేనే పిల్లల వికాసం భద్రంగా ఉంటుందని నమ్మిన మహానుభావుడు ఆయన. క్యారం బోర్డుల మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయనివ్వలేదు.

ఆ గది తాళంచెవి చాచా దగ్గర ఉండేది. శనివారం శనివారం లోపల దుమ్ము దులపడం ఆయన పని. అంతకుముందు ఆయన ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర టైమ్ ఆఫీసులో మస్టరు రాసేవాడు. ఎవరు ఎన్నింటికి లోపలికొచ్చారు, ఎన్నింటికి బయటికి పోయారు, అంతా ఆయన చేతిరాతే. ఫ్యాక్టరీ మూతపడ్డాక మా కాలేజీలో టెంపరరీగా చేరాడు. పొట్టిగా, బొద్దుగా ఉండేవాడు. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్ను ఉండేది. తరాజులో తూచినట్టు మాట్లాడేవాడు, ఎవరినీ పొగిడేవాడు కాదు.

మా ఊరు లక్డారం. క్లాసులు రెండింటికి అయిపోయేవి, మా బస్సు నాలుగున్నరకు. ఆ రెండున్నర గంటలూ కాంపౌండు గోడ నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ ఒక పదిహేను మందిమి కూర్చునేవాళ్లం. ప్రిన్సిపాల్ గారు ఒంటిగంటకే కారెక్కి, కొనేవాళ్లకు ప్లాట్లు చూపించడానికి వెళ్లిపోయేవారు. లెక్చరర్లు రెండు కొట్టగానే మాయం. ఒకరోజు చాచా మా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"గీడ గిట్లెందుకు కూసున్నరు?"

"బస్సుకు చాచా."

"బస్సు నాలుగున్నరకు గదా. అందాక గోడకు కావలి గాస్తున్నరా?"

మేము నవ్వాం. ఆయన నవ్వలేదు. మమ్మల్ని తీసుకెళ్లి ఆ గది తాళం తీశాడు. "చెప్పులు బయట ఇడువుండ్రి. మస్టర్ల పేరు రాసినంకనే లోపటికి," అన్నాడు. ఆయన అప్పటికే ఒక పాత రిజిస్టరుకు గీతలు కొట్టి తెచ్చాడు. పేరు, ఊరు, లోపలికొచ్చిన టైము, పోయిన టైము, పని. ‘పని’ అన్న చోట ఏం రాయాలో తెలియక నేను ఆయన మొహం చూశాను. మొదటి పేరు నాదే.

"ఓటీ అని రాయి బేటా. క్లాసు మీ డ్యూటీ. డ్యూటీ ఐనంక చేసేది ఓటీ గాక ఇంకేంది?"

మా దిక్కు ఓటీ అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. షిఫ్టు అయిపోయాక ఇంకా పనిచేయడం, ఓవర్‌టైము. మా నాన్న ఇంటికి ఆలస్యంగా వస్తే అమ్మ మాకు చెప్పేది ఆ ఒక్క మాటే. అట్లా క్యారం ఆడినా ఓటీయే, పుస్తకం చదివినా ఓటీయే, హార్మోనియం మెట్లు నొక్కి అందరి చెవులకూ చిల్లులు పొడిచినా ఓటీయే అయ్యింది.

మస్టరు ఎందుకు చాచా అంటే, "మస్టర్ల పేరుంటే నువ్వు ఆడ ఉన్నట్టు. ఎవ్వడు కాదనలేడు," అనేవాడు. ఆయనకు దేవుడి తర్వాత అంత నమ్మకం దాని మీదే. ఆ నమ్మకం మా దిక్కు ఫ్యాక్టరీ వాళ్లందరికీ ఉండేది కూడా. కర్దనూర్ నుంచి వచ్చే ఒక అమ్మాయి రోజూ టేబుల్ టెన్నిస్ ఆడేది. బిడ్డ రెండింటి తర్వాత ఎక్కడ తిరుగుతోందోనని వాళ్ల నాన్న ఒకరోజు షిఫ్టు దిగి అదే ఖాకీ చొక్కాతో వచ్చి తలుపు దగ్గర గట్టిగా అరిచాడు. చాచా రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టాడు. ఆయన వేలు పెట్టి లోపలికొచ్చిన టైము, పోయిన టైము ఒక్కొక్కటే చూసుకున్నాడు. "మస్టర్ల ఉన్నదా? ఐతే సరే," అని బిడ్డను ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు. లెక్చరర్లు ఎంత చెప్పినా ఆయన విని ఉండేవాడు కాదు.

నాకు నలుగురిలో నోరు లేచేది కాదు. చాచా అది కనిపెట్టి, రోజూ పేపరు తెచ్చి, మైకులో పది నిమిషాలు చదవమనేవాడు. "మైకు కరవదు బేటా, సదువు," అనేవాడు. నేను చదువుతున్నంతసేపూ కుర్చీ అటు తిప్పుకుని, నాకు వీపు చూపించి కూర్చునేవాడు. చూస్తే నేను సిగ్గుపడతానని. తప్పు చదివితే వెనక్కి తిరక్కుండానే "మల్ల," అనేవాడు. అంతే. ‘పర్సనాలిటీ డెవలప్‌మెంట్’ అని టై కట్టుకుని ఏడాదికోసారి వచ్చి, మమ్మల్ని పెదాలు సాగదీసి నవ్వమని చెప్పి పోయే పెద్దమనుషులు చాలామంది వచ్చారు. వాళ్లలో ఒక్కడి మొహం కూడా నాకు గుర్తు లేదు. చాచా వీపు మాత్రం బాగా గుర్తుంది.

చాచా ఆ గది తెరిచిన రెండో ఏడాది కమిటీ వచ్చింది, చెప్పిన తేదీకి వారం ముందే. ప్రిన్సిపాల్ గారు చెమటలు కక్కుతూ తాళం తీయించారు. లోపల ప్లాస్టిక్ కవర్లు లేవు. క్యారం బోర్డులు అరిగి నున్నగా ఉన్నాయి, పుస్తకాల అట్టలు ఊడి బంక కాగితాలతో అతికి ఉన్నాయి. ఆయన చాచా వైపు చూసిన చూపు నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను. కానీ కమిటీలో పెద్దాయన ముఖం వెలిగిపోయింది. "ఇన్ని కాలేజీలు తిరిగాం, వాడిన గది ఇదొక్కటే," అన్నాడు. రిజిస్టరు తిప్పి, ఏడాదిన్నర రాత చూసి, వేలు పెట్టి అడిగాడు: "ఈ ఓటీ అంటే ఏమిటి?"

చాచా చెప్పబోయాడు. అంతలో ప్రిన్సిపాల్ గారు ముందుకొచ్చి, కనురెప్ప కూడా వేయకుండా, "అదర్ టాలెంట్స్, సార్. మా కాలేజీ ప్రత్యేక కార్యక్రమం," అన్నారు. పెద్దాయన రాసుకున్నాడు. జీడిపప్పు, టీ వచ్చాయి. ఆ మనిషి బుద్ధి అంత చురుగ్గా పనిచేయడం ఆ కాలేజీలో నేను చూసింది ఆ ఒక్కసారే.

సాయంత్రం చాచా మాతో, "సూసిన్రా, నా ఓటీకి ఇంగ్లీషుల పేరు బెట్టిండు," అని మొదటిసారి పొట్ట ఊగేలా నవ్వాడు. మేమూ నవ్వాం. అది మాకు నవ్వులాటగానే ఉంది.

రిపోర్టులో మా కాలేజీని తెగ మెచ్చుకున్నారు. మెచ్చుకున్నాక ఆ కార్యక్రమం నడిపినవాడు ఒకడు కావాలి కదా! రెండింటికే మాయమయ్యే ఒక లెక్చరరు గారు రాత్రికి రాత్రి ‘అదర్ టాలెంట్స్ కోఆర్డినేటర్’ అయ్యారు. ఆయన ఆదేశాల మేరకే గది తెరిచానని చాచా కాగితం మీద సంతకం పెట్టాలన్నారు. పెడితే టెంపరరీ ఉద్యోగం పర్మినెంటు చేస్తామన్నారు. చాచా కాగితం రెండుసార్లు చదివి, తిరిగి బల్ల మీద పెట్టాడు.

"నేను తెరిసిన సార్. ఎవ్వరు చెప్పలే. మస్టర్ల నేను ఎన్నడు తప్పు రాయలే, కంపెనీల గూడ రాయలే."

అప్పుడు నన్ను పిలిచారు. రిజిస్టరులో మొదటి పేరు నాదని. కోఆర్డినేటర్ గారి ఆధ్వర్యంలోనే మేము రోజూ కార్యక్రమాల్లో పాల్గొన్నామని టైపు చేసిన కాగితం నా ముందు పెట్టారు. "నీ హాల్ టికెట్ ఇంకా రాలేదనుకుంటా," అన్నారు ప్రిన్సిపాల్ గారు, టీ ఊదుకుంటూ. నేను ఫైనలియరు. నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా సంతకం పెట్టాను. నా తర్వాత ఇంకో ఎనిమిది మంది పెట్టారు. ఆ కాలేజీ మీద నాకున్న అసహ్యంలో సగం నా మీదే అని మీకు ఇప్పుడు తెలిసి ఉంటుంది.

మా కాగితం చూపించి, పిల్లలే చెబుతున్నారు, నువ్వు అబద్ధమాడుతున్నావు అని చాచాను తీసేశారు. మస్టరులో పేరుంటే ఎవడూ కాదనలేడని నమ్మిన మనిషిని, ఆ మస్టరులో పేర్లున్న వాళ్లమే కాదన్నాం. వార్షికోత్సవంలో నాకు ‘బెస్ట్ అదర్ టాలెంట్స్ స్టూడెంట్’ అని సర్టిఫికెట్ ఇచ్చారు, నేను స్టేజీ ఎక్కి తీసుకున్నాను. దాన్ని చూపించే ఒక ఫ్యాక్టరీ పర్సనెల్ ఆఫీసులో ఉద్యోగం సంపాదించాను. ఇప్పుడు వందమంది ముందు మైకు పట్టుకుని గడగడా మాట్లాడతాను.

చాచా బొంతపల్లి దగ్గర ఒక గోదాములో వాచ్‌మన్‌గా చేరాడని విన్నాను. నాకు ఆ ఉద్యోగం ఇంకా రాకముందు, ఒకసారి పటాన్‌చెరు బస్‌స్టాండులో ఎదురుపడ్డాడు. ఇంటర్వ్యూకు పోతున్నాను, చేతిలో ఆ సర్టిఫికెట్టే ఉంది. తీసుకుని, కళ్లకు దూరంగా పట్టుకుని, అంతా చదివాడు. తిడతాడేమోనని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"లామినేషన్ చేపియ్యి బేటా. వానకు ఖరాబైతది," అని ఇచ్చేసి బస్సెక్కాడు. ఆ తర్వాత నేను ఆయన్ను కలవలేదు. కలవడానికి ఏళ్లున్నాయి, బొంతపల్లి ఎంతో దూరం కాదు, నాకు బండి కూడా ఉంది. మొహం చెల్లలేదు.

బుధవారం సభకు వెళ్లాను. అదే గది. గోడకు చాచా ఫొటో కట్టారు. విడిగా తీసిన ఫొటో వాళ్ల దగ్గర ఎందుకుంటుంది? కమిటీ వచ్చిన నాటి గ్రూపు ఫొటోలో, టీ ట్రే పట్టుకుని మూలన నిలబడ్డవాణ్ణి కత్తిరించి పెద్దది చేయించారు. ట్రే పోయింది, దాంతో మోచేతుల కింద చేతులూ పోయాయి. ప్రిన్సిపాల్ గారు ఇప్పుడు డైరెక్టరు. మేమంతా ఒక కుటుంబంలా విద్యార్థుల ఇతర ప్రతిభలను పెంచి పోషించామని కళ్లు తుడుచుకుంటూ మాట్లాడారు. కోఆర్డినేటర్ గారు చాచాను ‘నా కుడిభుజం’ అన్నారు.

సభకు చాచా బిడ్డను కూడా పిలిపించారు, శాలువా కప్పడానికి. నాలుగేళ్ల కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చివరి వరుసలో నా పక్క కుర్చీలో ఉంది. స్టేజీ మీద వాళ్లు మాట్లాడుతుంటే నా వైపు వంగి మెల్లగా అడిగింది.

"అన్నా, మీరు గప్పుడు ఈడనే సదివిన్రట గదా. మా అబ్బా అబద్ధం చెప్పిండనే గదా తీసేసిన్రు? అమ్మీ సచ్చేదాక గదే అంటుండె. పర్మినెంటు నౌకరీ అబద్ధానికి పోగొట్టిండని. అబ్బా గట్ల కాదంటుండె గని, పిల్లలందరు రాసిచ్చిన్రట గదా. పిల్లలెందుకు అబద్ధం రాస్తరని మేం నమ్మలే. నిజంగ అబద్ధం చెప్పిండా?"

అంతలో నా పేరు పిలిచారు.

మైకు ముందుకు వెళ్లాను. నాలుగు మంచి మాటలు ఇంటి దగ్గరే రాసుకున్నాను, జేబులో ఉన్నాయి. తీయలేదు.

"ఈ గది తెరిసింది చాచా," అన్నాను. "ఏ సారు చెప్పలే. ఈడ కూసున్న ఏ సారు రెండు దాటినంక మాకు కండ్ల వడలే. సారు చెప్తెనే తెరిసిండని రాసిన కాగితం మీద మొదలు సంతకం వెట్టింది నేను. అది అబద్ధం. హాల్ టికెట్‌కు భయపడి పెట్టిన. చాచా చెప్పిందే నిజం. ఆయన్ను అబద్ధాలకోరును చేసింది మేము."

డైరెక్టరు గారి మొహం మాడుతుందని, ఎవరైనా లేచి నా చేతిలో మైకు గుంజుకుంటారని ఎదురుచూశాను. కోఆర్డినేటర్ గారు ఫొటోగ్రాఫర్ వైపు ఒకసారి చూసి, చప్పట్లు మొదలుపెట్టారు. డైరెక్టరు గారు అందుకున్నారు. వెనక యూనిఫాంలో కూర్చున్న పిల్లలు, ఏ మాటకైనా కొట్టడం అలవాటైన పిల్లలు, గట్టిగా కొట్టారు. "చాలా ఎమోషనల్‌గా మాట్లాడారు సార్," అని ఎవరో మైకు అందుకున్నారు. ఫొటోగ్రాఫర్ నన్ను అక్కడే ఇంకొంచెంసేపు నిలబడమని చెయ్యి ఊపాడు.

చివరి వరుసలో ఆమె నన్నే చూస్తోంది. ఒళ్లోని పాప అందర్నీ చూసి నవ్వుతూ తానూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. ఆమె నా మీంచి చూపు తిప్పకుండానే, ఆ రెండు చిన్న చేతులనూ తన పిడికిట్లో గట్టిగా పట్టుకుని ఆపింది.