అవ్వకు ముద్ద పెట్టించిన టీచరమ్మ

మన పత్రికలో నాటకాల మీద సమీక్షలు రాసే నంద్యాల టీచరమ్మ పోయిన వారం కన్నుమూశారు. చర్చి నుంచి వచ్చి, కాస్త నడుం వాలుస్తానని పడుకున్నవారు మళ్లీ లేవలేదట. ఆళ్లగడ్డకు ఆ మాట బస్సు కండక్టరు మోసుకొచ్చాడు. మీలో చాలామందికి ఆమె రాతే తెలుసు. నాకు మనిషి కూడా కొంత తెలుసు.

మొన్నటి కరువు తెరిపిచ్చిన కొత్తలో ఆళ్లగడ్డలో మేమొక హాస్యనాటకం వేశాం. రాసింది మా అన్న. కరువుకు ఊరంతా వలసపోగా రెడ్డి, కరణం, ఒక అవ్వ మిగులుతారు. జనమే లేని ఊరికి పెద్ద ఎవరని మగవాళ్లిద్దరూ ఆఖరిదాకా పోట్లాడుకుంటారు. అవ్వ గంజి కాచి ఇద్దరికీ పోస్తుంటుంది. ఆ అవ్వ వేషం నాది.

టీచరమ్మకు ముందు వరసలో కుర్చీ వేశాం. ఆమె వద్దని, వెనక ఆడవాళ్ల మధ్య చాప మీద కూర్చున్నారు. కుర్చీలో కూర్చుంటే నాటకం కనబడుతుంది గానీ జనం కనబడరని అనేవారు.

జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. సమీక్షలో ఆమె మమ్మల్నందరినీ మెచ్చుకుని, చివర ఒక్క ప్రశ్న వేశారు: అందరికీ గంజి పోసిన అవ్వ తానెప్పుడు తిన్నది?

అన్నకు కోపమొచ్చింది. నంద్యాలలో ఆట ఒప్పుకుని ఉన్నాం. ఇది చదివి జనం రారేమోనని భయం కూడా. నన్ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి పోయాడు. ముందు రొట్టెలు తినండి, కొట్లాట తర్వాత పెట్టుకుందామన్నారామె. మా ఎదురుగా కూర్చుని మాతోపాటే తిన్నారు.

“నవ్వులాటలో అవ్వ తిండి యాడ చూపిచ్చాల టీచరమ్మా?” అన్నాడు అన్న.

అప్పుడు చెప్పారామె: “నా చిన్నప్పుడు కరువొస్తే మా యమ్మ కూడా అట్లే వడ్డిచ్చింది నాయనా. మేం బతికినాం.”

అన్న తల వంచుకున్నాడు.

“ఏడిపిచ్చమని చెప్పలే. నవ్విచ్చాండారు, బాగుంది. ఆ నవ్వులోనే ఆమెకూ ఒక ముద్ద పెట్టండప్పా.”

తిరుగు బస్సు శిరివెళ్ల దాటేసరికి అన్న తనలో తానే నవ్వుకోవడం మొదలుపెట్టాడు.

నంద్యాలలో బడి ఆవరణలో ఆట. జనం బాగానే వచ్చారు. రెడ్డీ కరణం జుట్లు పట్టుకున్న వేళ నేను కుండ దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టాను. మాకేదని వాళ్లు మీదికొస్తే, అన్న కొత్తగా రాసిన మాట అన్నాను.

“ముందు నేను తింటా. నేను బతికితే గదప్పా మీకు వండేది.”

ఆడవాళ్ల వైపు నుంచి అంత నవ్వు మేమెన్నడూ వినలేదు. ఆ నవ్వు ఆగేదాకా నాటకం నడపలేకపోయాం.

ఆ తర్వాత ఏ వేషం కట్టినా, ఈ మనిషి ఏం తిని బతుకుతున్నాడని ముందు ఆలోచిస్తాను. అది ఆమె పెట్టిన భిక్ష.

ఆ సాయంత్రం నంద్యాలలో ఆట ముగిశాక రంగు కడుక్కుని బయటికొస్తే, పల్లెల ఆడవాళ్లు బండ్లెక్కుతున్నారు. ఒకామె కొంగు తలపాగాలా చుట్టుకుని రెడ్డిలా గదమాయిస్తోంది. ఇంకొకామె మీసం దువ్వుతోంది. బండ్లు కదిలాయి. టీచరమ్మ రోడ్డు పక్కన నిలబడి, కళ్లద్దాలు చేతిలో పట్టుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు.