అన్నంలో కోడిగుడ్డు

ఈ ఉదయం, రాత్రి మిగిలిన అన్నానికి తాలింపు వేస్తూ అందులో కోడిగుడ్డు కొట్టి పోశానో లేదో, ఎన్నేళ్లనాటి కోపమో మళ్లీ పొంగుకొచ్చింది. డెబ్బై దాటాక కోపాలు చల్లబడతాయంటారు గానీ, నాది చల్లబడలేదు.

టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో కళ్యాణదుర్గంలో ఒక పెద్దింటి వెనకవైపు గదిలో అద్దెకుండి, కుందుర్పి వైపు పల్లెలోని బడికి రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. వానలు మొహం చాటేసిన మా ఊళ్లో ఇంటిల్లిపాదికీ రాగి సంగటే, వరి అన్నం పండగనాటి ముచ్చట. మీలోనూ చాలామంది అట్లా పెరిగినవాళ్లే కదా. అటువంటి అన్నం నా చేతులతో నేను వండుకుని, మిగిలితే పారేస్తానా? పొద్దున్నే దాన్ని పొడిపొడిగా చిదిపి, శనగనూనెలో ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, గుప్పెడు శెనక్కాయ విత్తనాలు వేయించి కలిపితే, కిరసనాయిలు స్టవ్వు మీద టిఫినూ మధ్యాహ్నం క్యారియరూ ఒకేసారి తయారయ్యేవి.

గోడ అవతల ఒక ముస్లిం అక్క రవికలు కుట్టేది. ఒకరోజు ఆమె రెండు గుడ్లు చేతిలో పెట్టి, వేగిన ఎర్రగడ్డల్లో కొట్టి పోసి, అవి గట్టిపడుతుండగా అన్నం వేసి కలుపుకోమంది. అట్లాగే చేశాను. ఆ వాసన ఇంటావిడ వంటింటి దాకా పోయింది.

"గుడ్లు తినే జాతని ముందే చెప్పింటే రూమే ఇచ్చేదాన్ని కాదు కదా! రేపటికల్లా ఖాళీ చెయ్" అని ఆవిడ వీధంతా వినేలా అరిచి, నా బాణలిని కర్రతో తోసి మురుగుకాలవలోకి దొర్లించింది. అన్నమంతా అందులోనే పోయింది. ఆవిడ భర్త బస్టాండు దగ్గర బండి మీద ఆమ్లెట్లు తినడం నేను ఎన్నోసార్లు చూసినదాన్నే. ఆ పూట ఆ పెద్దమనిషి పేపరులోంచి తల ఎత్తలేదు.

కబురందుకుని మరునాడు మా నాయన వచ్చాడు. నా తరఫున గట్టిగా నాలుగు మాటలు అడుగుతాడని ఎదురుచూశాను. ఆయన గడప బయటే ఆగి, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించాడు.

"చిన్నపిల్ల, తెలీక చేసినాదమ్మా. ఈసారికి ఇడిసిపెట్టండి."

గది పోతే ఉద్యోగం మానుకుని రావలసి వస్తుందని ఆయన భయం. అది తెలిసి కూడా నాకు ఒళ్లు మండిపోయింది.

"చేతులు దించు నాయనా! నేనేమన్నా దొంగతనం చేసినానా?" అని అరిచాను. ఆయన మీద నేను గొంతెత్తడం అదే మొదలు.

ఆయన చేతులు దించలేదు. అంతలో గోడ మీదుగా అక్క గొంతు వినిపించింది. "ఏమప్పా, ఆడ ఎవురికి మొక్కుతాండావు? సామాను ఇట్లా అందియ్యి. పాప నా కాడ ఉంటాది."

అప్పుడు దించాడు. నా ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, స్టవ్వు ఒక్కొక్కటే గోడ మీదుగా అందించాడు. ఉన్న ఒక్క గదికీ నడుమ చీర కట్టి అక్క నాకు చోటిచ్చింది. నాకు బదిలీ అయ్యేదాకా అక్కడే ఉన్నాను.

సాయంత్రం బస్సెక్కుతూ మా నాయన, "ఆ నోరు నాకు ముందే వచ్చింటే బాగుండు పాపా" అన్నాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు బడి పిల్లలకు మధ్యాహ్నం భోజనంలో గుడ్డు పెడుతున్నారు. అది చూసినప్పుడల్లా నా ప్రాణం లేచొస్తుంది. కానీ మొన్న బెంగళూరులో గది వెతుక్కుంటున్న మా మనవరాలిని ఇంటాయన ఫోన్‌లో మొట్టమొదట అడిగింది ఏం తింటారనే. ఎంతో మర్యాదగా, నవ్వుతూ అడిగాడట. ఆ పిల్ల "అన్నీ తింటామండీ" అని ఫోన్ పెట్టేసి ఇంకో ఇల్లు చూసుకుంది. ఎవరినీ బతిమాలలేదు. అది వినడానికి మా నాయన ఉంటే బాగుండేది.