మాది కాదన్న కంప్యూటర్

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఊళ్లో అందరూ లిఫ్టమ్మ అనే పిలుస్తారు. ఊళ్లో సగం లిఫ్టుల్లో మాట్లాడేది ఆమే. "రెండవ అంతస్తు." "తలుపులు మూసుకుంటున్నాయి." "బరువు ఎక్కువైంది, దయచేసి ఒకరు దిగండి." ఈ చివరి మాట ఆమె ఎంత మర్యాదగా అంటుందంటే, దిగిపోయే మనిషికి నన్నే ఎందుకు అన్నావని అడగాలనిపించదు. కూరల దుకాణంలో ఆమె నోరు తెరిచి అదే తీరులో "కిలో ఉల్లిపాయలు" అనగానే వెనక నిలబడ్డవాళ్లు ఒక అడుగు పక్కకు జరుగుతారు. ఎందుకు జరిగారో వాళ్లకూ తెలియదు.

ఆమె పని ఇంట్లోనే. పడకగది పక్కన పాత సామాను పెట్టుకునే చిన్న గదికి నాలుగు వైపులా పాత పరుపులు కొట్టించి, మైకు, కంప్యూటర్ పెట్టుకుంది. పెళ్లయిన కొత్తలో లిఫ్టుల కంపెనీ కోసం అంకెలూ మాటలూ విడివిడిగా చదివి రికార్డు చేసి, ముక్కలు ముక్కలుగా కోసి దాచింది. కొత్త భవనం లేచినప్పుడల్లా వాటినే అతికించి పంపుతుంది. తర్వాత కొన్నేళ్లకు మెడకు ఆపరేషన్ అయింది. గొంతు పోలేదు, ఒక మెట్టు కిందికి దిగింది, కాస్త గరుకు తేలింది. అదృష్టవంతురాలివి అన్నాడు డాక్టరు. ఆమెకూ అలాగే అనిపించింది, మైకు ముందు కూర్చునేదాకా. అప్పటి నుంచి పాత ముక్కలే ఆమెకు ఆధారం. కంపెనీవాళ్లు ఫోన్‌లో ఆమె గొంతు వింటే జలుబనుకుంటారు.

ఆ ముక్కలను తెరిచే సాఫ్ట్‌వేర్ ఒక పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద తప్ప నడవదు. ఆ సిస్టమ్‌ను చేసిన కంపెనీ తన సొంత మిషన్ల మీద తప్ప ఎక్కడా ఎక్కించకూడదంటుంది. ఆమె దగ్గరున్న ఆ కంపెనీ మిషన్ కాలం చేసింది. కొత్త మిషన్లు పాత సిస్టమ్‌ను గుమ్మం తొక్కనివ్వవు. అందుకని ఆమె మరిది బజారులో విడిభాగాలు కొనుక్కొచ్చి, తనే బిగించి, ఎవరెవరో ఇంటర్నెట్‌లో రాసిన చిట్కాలు పట్టుకుని ఆ సిస్టమ్‌ను అందులోకి దింపాడు.

"రెండు వైపుల పెద్దలకీ ఇష్టం లేని పెళ్లి వదినా ఇది. మనమే దగ్గరుండి చేశాం, మనమే చూసుకోవాలి," అన్నాడు.

చూసుకోవడానికి కొన్ని నియమాలు పెట్టాడు. దాన్ని నిద్రపోనివ్వకూడదు, పోతే లేవదు. ముందువైపు హెడ్‌ఫోన్ రంధ్రం వాడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, అప్‌డేట్ చెయ్యమంటావా అని అడిగితే ఒప్పుకోకూడదు.

ఈ నియమాలు ఇంట్లో అందరికీ తెలుసు, అత్తగారికి తప్ప. ఇల్లు మొత్తంలో నిశ్శబ్దంగా ఉండే గది అదొక్కటేనని ఆవిడ మధ్యాహ్నాలు అక్కడ నడుం వాల్చేది.

ఆసుపత్రి కొత్త భవనానికి లిఫ్టులు పెడుతున్నామని కంపెనీ ఆఫీసరు ఫోన్ చేశాడు. "పాత గొంతే కావాలి మేడమ్. వచ్చేవాళ్లకి అలవాటైపోయింది," అన్నాడు. సరేనని ఆమె గదిలోకి వెళ్లేసరికి తెర మొత్తం బూడిదరంగుగా ఉంది. మధ్యలో చిన్న చక్రం తిరుగుతోంది. కుర్చీలో అత్తగారు కళ్లజోడు తుడుచుకుంటోంది.

"ఏం చేశారు అత్తయ్యా?"

"నేనేం చెయ్యలేదు. అదే అడిగింది."

"ఏమని?"

"ఏమో. రెండు మీటలు చూపించి నిలబడింది. పోనీలే అని వదిలేస్తే మళ్లీ వచ్చింది. పాపం ఎన్నిసార్లని అడుగుతుంది? నీలంగా ఉన్నది నొక్కాను."

చక్రం సాయంత్రం దాకా తిరిగింది.

మర్నాడు పెట్టెను ఆటోలో పెట్టుకుని సిస్టమ్ కంపెనీవాళ్ల సర్వీసు సెంటరుకు వెళ్లింది. అక్కడి మనిషి మూత తెరిచి చూసి, చూడకూడనిది చూసినట్టు వెంటనే మూసేశాడు. "ఇది మా మిషన్ కాదమ్మా." అక్కణ్నుంచి విడిభాగాల దుకాణానికి వెళ్లింది. దుకాణమతను ఒక్కొక్కటీ తడిమి చూశాడు. "సామాన్లన్నీ మావే. ఒక్కదానికీ జబ్బు లేదు. లోపలున్నది మాది కాదు. తీసేసి వేరేది వేసిస్తాను."

"తీసేస్తే నా ముక్కలు?"

"అవీ పోతాయి."

పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ కూడా మాది కాదన్న దాన్ని ఒళ్లో పెట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది.

మరిదికి ఫోన్ చేసింది. అతను కంప్యూటర్లు వదిలేసి చాలా కాలమైంది, ఇప్పుడు డ్రైవింగ్ నేర్పుతున్నాడు.

"స్క్రీన్ మీద ఏముంది వదినా?"

"చక్రం తిరుగుతోంది."

"తిప్పు, ఇంకా తిప్పు."

"దాన్ని నేనెలా తిప్పను?"

"నీకు కాదు, స్టీరింగ్ పట్టుకున్నావిడకి. నువ్వు ఆపేసి మళ్లీ ఆన్ చెయ్. మొదట నల్లగా టైప్ చేసే చోటొస్తుంది, అక్కడ ఒక అడ్డగీతా, వి అక్షరమూ కొట్టు. అది లోపల చేసే పనులన్నీ వరసగా రాసి చూపిస్తుంది. ఎక్కడ ఆగిందో అక్కడే రోగం. ఆపండి! ఆపండమ్మా, బ్రేక్!"

లిఫ్టమ్మ కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"నువ్వు కానియ్ వదినా," అని అతను పెట్టేశాడు.

ఆమె చెప్పినట్టే చేసింది. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు వరసలు వానలా కురిశాయి. కురిసి కురిసి ఒక వరస దగ్గర ఆగిపోయాయి. ఫలానావారు విచ్చేశారు అని దాని అర్థం. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఎవరొచ్చారట?" అంది అత్తగారు గుమ్మంలోంచి.

"తెలీదు అత్తయ్యా."

"వచ్చి ఏం చేస్తున్నారు?"

"ఏం చెయ్యడం లేదు."

"మీ మామగారి అన్నయ్యా అంతే. వచ్చేవాడు, గుమ్మంలోనే నిలబడేవాడు. లోపలికి రమ్మన్నా రాడు, పొమ్మన్నా పోడు."

ఆ వరసను ఫోన్‌లో కొట్టి వెతికింది. లోకంలో చాలామంది అక్కడే ఆగిపోయారని తెలిసింది. ఒకతనిదైతే అచ్చం ఇదే మదర్‌బోర్డు, తెరకు బొమ్మలిచ్చే ఇదే కార్డు, ఇదే వరస. ఏం చెయ్యాలో చెప్పి పుణ్యం కట్టుకోండని అందరినీ బతిమాలుకున్నాడు. ఆశగా కిందికి జరిపితే, కింద అతనే రాసుకున్న జవాబు కనిపించింది. 'సరైపోయింది. అందరికీ థ్యాంక్స్.' ఎలా సరైందో రాయలేదు. అతనిది ఏ ఊరో ఏ దేశమో తెలియదు గానీ, ఆమె పుట్టి బుద్ధెరిగాక ఇంకెవర్నీ అంతలా తిట్టుకోలేదు.

ఇంకెక్కడో ఇంకెవరో మాత్రం ఓపిగ్గా రాశారు. ఆ వరస తర్వాత జరగాల్సింది తెర మీదికి బొమ్మ రావడమేననీ, అప్‌డేట్ వచ్చి కార్డును గుర్తుపట్టే ఫైలును మార్చేసి ఉంటుందనీ, కార్డు పీకేసి బోర్డుకున్న సొంత రంధ్రంలోనే తెర వైరు పెట్టి చూడమనీ.

కుట్టుమిషన్ సొరుగులోని స్క్రూడ్రైవర్ తెచ్చి మూత విప్పింది. అత్తగారు క్షమాపణ చెప్పే మనిషి కాదు. టార్చి తెచ్చి పట్టుకుంది. కార్డు ఒక పట్టాన ఊడిరాలేదు. వెనక చిన్న కొక్కెం ఉందనీ, దాన్ని నొక్కితేనే వదులుతుందనీ తెలిసేలోపు ఇద్దరికీ చెమటలు పట్టాయి. వైరు మార్చి, మీట నొక్కి, ఇద్దరూ చేతులు వెనక్కి తీసుకుని నిలబడ్డారు.

వరసలు కురిశాయి. ఫలానావారు విచ్చేశారు. ఈసారి లోపలికి కూడా వచ్చారు. తెర వెలిగింది. బొమ్మలన్నీ అడ్డంగా సాగి, ఒళ్లు చేసినట్టున్నాయి. ముక్కలు మాత్రం పెట్టిన చోటే ఉన్నాయి.

శబ్దం లేదు. అప్‌డేట్ శబ్దానికి కావాల్సిన ఫైలునూ మింగేసింది. దానికోసం మళ్లీ ఏదైనా కదిలిస్తే ఏమవుతుందోనని లిఫ్టమ్మకు చెయ్యాడలేదు. చెవులతో చేసే పని కళ్లతో మొదలుపెట్టింది. ఇన్నేళ్లుగా చూసిన ముక్కలే, తెర మీద గీతల్లా ఉన్నా పోల్చుకోగలదు. 'అంతస్తు' అంటే ముందొక గుండ్రటి ముద్ద, 'స్తు' దగ్గర గడ్డిదుబ్బులా మసక, చివర సన్నటి తోక. అతికించినవి పెన్‌డ్రైవ్‌లో వేసి ఫోన్‌లో పెడితే అత్తగారు విని చెప్పేది.

"ఆరు తర్వాత మళ్లీ ఆరే అంటున్నావు."

"ఆరూ ఏడూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి అత్తయ్యా."

"అవి ఒకేలా ఉంటే ఏడో అంతస్తువాళ్లు ఎక్కడ దిగాలి?"

దిద్దింది. పనిలో పనిగా ముక్కలన్నిటినీ ఏ కంప్యూటర్‌లోనైనా పలికేలా మార్చి, రెండు పెన్‌డ్రైవ్‌లలో వేసి బీరువాలో చీరల మధ్య పెట్టింది. ఈ బుద్ధి ముందే ఎందుకు పుట్టలేదో తనకే అర్థం కాలేదు.

అంతా అయ్యాక ఆసుపత్రి పంపిన జాబితా చివర చూసింది. బేస్‌మెంట్ ఒకటి, బేస్‌మెంట్ రెండు. ఆమె ముక్కలు కోసిన రోజుల్లో ఊళ్లో ఏ భవనమూ భూమి కిందికి దిగలేదు. 'బేస్‌మెంట్' అన్న మాట పాత గొంతుతో ఆమె ఎన్నడూ అనలేదు.

రికార్డు చెయ్యడానికి ఫోన్ చేతిలో పట్టుకుని పరుపుల మధ్య కూర్చుంది. గొంతు సన్నం చేసి చెప్పింది. విన్నది. ఎవరో తనను వెక్కిరిస్తున్నట్టుంది. మళ్లీ చెప్పింది. ఇంకా ఘోరంగా ఉంది. ఫోన్ పక్కన పడేసింది.

"మామూలుగా చెప్పు అమ్మాయ్," అంది అత్తగారు. "నన్ను అన్నానికి పిలుస్తావే, అలా చెప్పు."

లిఫ్టమ్మ అత్తగారిని అన్నానికి పిలిచినట్టే బేస్‌మెంట్ ఒకటి, బేస్‌మెంట్ రెండు అని చెప్పి, రెండోసారి వినకుండా పంపేసింది. కంపెనీవాళ్లు తిప్పి పంపుతారనే అనుకుంది. పంపలేదు. లిఫ్టులు తిరగడం మొదలైంది. ఆ ఆసుపత్రిలో పై అంతస్తులకు వెళ్లేవాళ్లను ఒక పడుచు గొంతు పలకరిస్తుంది. నేల దాటి కిందికి దిగేసరికి ఆ గొంతుకు వయసు మీద పడుతుంది.

కొన్నాళ్లకు ఆఫీసరు ఫోన్ చేశాడు.

"మేడమ్, బేస్‌మెంట్‌లో మాట్లాడింది వేరే ఆవిడ కదా?"

"అవునండీ. మా పెద్దక్క."

"ఆసుపత్రివాళ్లకి చాలా నచ్చిందట. మీ గొంతు హాయిగా ఉంటుంది, కాదనను. కానీ ఆవిడ చెబితే కంగారు తగ్గుతోందంటున్నారు. వాళ్ల పాత భవనంలో కూడా ఆవిడ చేతే మొత్తం చెప్పించమంటున్నారు. ఒప్పుకుంటారా?"

"అడిగి చెబుతాను," అంది లిఫ్టమ్మ.

కాసేపాగి తనే ఫోన్ చేసి, అక్క ఒప్పుకుందని చెప్పింది.