నంబరున్న దీపం

కొత్తింటి హాల్లో గోడకు ఏం పెట్టాలన్న పిచ్చి నాకు ఎప్పుడు పట్టిందో గానీ, ఏడాది పాటు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. పెడితే పాతవే పెట్టాలి. మెరిసే కొత్త ఇత్తడి నెమళ్ళు, ప్లాస్టిక్ పూలు చూస్తే నాకు ఒళ్ళుమంట. బడికి సెలవైతే చాలు, గోదావరిఖని పాత సామాన్ల దుకాణాల్లో దుమ్ము పీలుస్తూ తిరిగేదాన్ని. మంథనిలో ఎవరిదో పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిసి, పరుగున పోయి చిలకలు చెక్కిన దర్వాజా పై చెక్కను తెచ్చుకున్నాను. దాన్ని గోడకు బిగించాక మా బాపు కింద నిలబడి తలెత్తి చూశాడు.

"దర్వాజ సగమే ఉన్నది గదా బిడ్డా, గిందులకెల్లి ఎటు పోవాలె?" అన్నాడు. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

అప్పటికి బాపు నా దగ్గర ఉండడానికి ఇంకా ఒప్పుకోలేదు. బొగ్గుబాయిలో ఒళ్ళు గుల్ల చేసుకుని రిటైరయ్యాడు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేశాక, నన్ను కన్న అవ్వ కూడా పోయాక, ఒక కిరాయి గదిలో దగ్గుకుంటూ ఒక్కడే ఉండేవాడు. నేను ఇల్లు కట్టిందే ఆయన కోసం. మెట్లెక్కే పని లేకుండా కిందే గది, పక్కనే బాత్రూం. బతిమాలగా బతిమాలగా, "ఎండలు పోయేదాక ఉండి చూస్త. మనసున పడితే ఉంట, లేకుంటే నన్ను ఆపొద్దు" అని పెట్టె తెచ్చుకున్నాడు.

సరిగ్గా ఆ వారమే నాకు దీపం దొరికింది. పూర్వం బాయిలో కూలీల పని చూసే సర్దార్లు గ్యాసు ఉందో లేదో చూడడానికి చేత పట్టుకుపోయే ఇత్తడి దీపం. పాత ఇనుము దుకాణంలో గొలుసుల కింద నల్లగా పడి ఉంది. అడుగున ఏదో గరుకుగా తగిలితే గోటితో గీకాను. "నంబరున్నది మేడం, అసలు సరుకు" అన్నాడు దుకాణమాయన. ఇక నన్ను పట్టేవాళ్ళెవరు! ఇంటికి తెచ్చి చింతపండు పెట్టి చేతులు నొప్పెట్టేలా తోమాను. 214 అని అంకెలు తేటగా తేలాయి. అవి కనపడేలా కాస్త వాల్చి, చిలకల చెక్క కింద వేలాడదీసి బాపును పిలిచాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

బాపు నవ్వలేదు. "ఇది బయటికి ఎట్ల వచ్చింది?" అన్నాడు.

"పాతదైతే తుక్కు కింద అమ్మేసి ఉంటారు బాపూ."

"అమ్మితే నంబరు కొట్టేస్తరు. గిది అట్లనే ఉన్నది. ఎవలో తీస్కపోయి మళ్ల ఇయ్యలేదు."

బాయి పద్ధతి నాకు తెలియనిదేమీ కాదు. దిగేముందు ల్యాంపు రూంలో తన నంబరున్న ఇత్తడి బిల్ల ఇచ్చి దీపం తీసుకోవాలి. పైకొచ్చాక దీపం అప్పజెప్పి బిల్ల తీసుకోవాలి. బిల్ల అక్కడే ఉండిపోయిందంటే మనిషి కిందే ఉండిపోయాడని లెక్క. చిన్నప్పుడు ఒకరోజు బాపు షిఫ్టు దిగి రాలేదు. అవ్వ నన్ను ఈడ్చుకుంటూ గేటు దగ్గరికి పరిగెత్తింది. మనిషి సంగతి అడగలేదు, "దీపం వచ్చిందా అన్నా, దీపం వచ్చిందా?" అని కనపడ్డ ప్రతివాణ్నీ అడిగింది. ఆరోజు దీపమూ వచ్చింది, బాపూ వచ్చాడు. అన్నీ తెలిసి కూడా నేను ఆ అంకెలను చింతపండుతో తోమి ముచ్చటపడ్డాను.

ఆ రోజు నుంచి బాపు హాల్లో కూర్చోవడం మానేశాడు. అన్నం వంటింట్లోనే. మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగితే మాత్రం లేచి వచ్చి దీపం ముందు నిలబడేవాడు. తర్వాత తనతో బాయి దిగిన పాత సోపతిగాళ్ళ ఇళ్ళకు పోవడం మొదలుపెట్టాడు. రెండు వందల పద్నాలుగు ఎవరిదో తెల్వాలె, అంతే. రామగుండం ఎండ సంగతి చెప్పేదేముంది? ఒకనాడు రోడ్డు మీదే కళ్ళు తిరిగి పడిపోతే ఎవరో పుణ్యాత్ములు ఆటోలో తెచ్చి దించారు.

భయానికి నాకు కోపం ముంచుకొచ్చింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు బాపూ? పోగొట్టుకున్నోళ్ళకే లేని ఫికర్ నీకెందుకు?" అని అరిచాను. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది. బాపు నీళ్ళు తాగి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు దీపాన్ని పాత చీరలో చుట్టి నా గదిలో అటక మీద దాచాను. కాసేపు బయట తిరిగొచ్చి, "బాపూ, ల్యాంపు రూంలో ఇచ్చేసిన. ఇగ నిమ్మలంగ ఉండు" అన్నాను.

ఆయన ముఖం ఎంత విప్పారిందో! ఆ ఇంట్లోకి వచ్చాక అలా చూడలేదు. "మంచి పని చేసినవ్ బిడ్డా" అంటూ అరచెయ్యి చాపాడు.

"ఏంది బాపూ?"

"బిల్ల. దీపం ఇస్తే బిల్ల ఇస్తరు గదా. ఇటు తే."

"ఇప్పుడు... ఇయ్యలేదు."

చాపిన చెయ్యి అలాగే కొంచెంసేపు ఉండి కిందికి వాలింది. "బిల్ల రాలేదంటే దీపం చేరనట్టే" అని చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. బయట నిప్పులు కురుస్తున్నాయి. ఇక దాచడం నా వల్ల కాలేదు. అటక మీద నుంచి మూట దించి ఆయన ముందు పెట్టి, ఏడుస్తూ చెప్పేశాను.

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. చీర మడతలు విప్పి, భుజం మీది తువాలతో దీపం తుడిచి ఒడిలో పెట్టుకున్నాడు.

"ఎందుకు దాచినవ్ బిడ్డా?" అన్నాడు. "గీ దీపమాయన పెండ్లాం పిల్లలు గేటు కాడ నిలబడి ఉండరా?"