పెళ్ళివారికి గోదావరి చూపించిన సాయంత్రం

ముహూర్తం వేళకి కార్లలో దిగి, అక్షింతలు వేసి, భోంచేసి, పాన్ నములుతూ వెళ్ళిపోయే మగపెళ్ళివారు ఇప్పటివాళ్ళు. నేను డిగ్రీ చదివే రోజుల్లో అలా కాదు. బస్సు కట్టించుకుని ఒక రోజు ముందే దిగేవారు. విడిది ఇల్లూ, వేడినీళ్ళూ, కాఫీలూ, టిఫిన్లూ అన్నీ అమర్చాక కూడా ఇంకా బోలెడు పొద్దు మిగిలిపోయేది. పొద్దుపోని మగపెళ్ళివారంత ప్రమాదం ఇంకోటి లేదని మా బాబాయి నమ్మకం. (ఖాళీగా కూర్చోబెడితే కాఫీలో పంచదార ఎక్కువైన సంగతి కూడా కనిపెట్టేస్తారు అనేవాడు.) అందుకని వాళ్ళని బస్సెక్కించి ఊరు చూపించడం అనేది మా ఇళ్ళల్లో ఇంచుమించు పెళ్ళితంతులో భాగమే.

మా అక్క పెళ్ళికి ఆ పని వచ్చి నా మెడకి చుట్టుకుంది. మాది కొవ్వూరుకి కాస్త దిగువన, ఏటిగట్టు పక్కన ఊరు. పెళ్ళికొడుకుది అనంతపురం వైపు. శ్రావణమాసం. అక్కని పొద్దున్నే పెళ్ళికూతుర్ని చేశారు కనక ఇంక గడప దాటకూడదు. మర్నాడు రాత్రికి ముహూర్తం. అంటే అక్క అచ్చంగా మా అక్కగా ఉండే సాయంత్రం అదొక్కటే మిగిలింది. ఆ సాయంత్రం తన చేతులకి గోరింటాకు నేనే పెట్టాలని మేమిద్దరం ఎప్పుడో అనుకున్నాం. నాకు గోరింటాకు పెట్టడం గొప్పగా వచ్చని కాదు. పెట్టినంతసేపూ అక్క నా ఎదురుగా కదలకుండా కూర్చోవాలి, అందుకు. ఆ ఇంట్లో వారం రోజులుగా అక్క నాకు చిక్కితే ఒట్టు. ఎప్పుడు చూసినా చుట్టూ ఎవరో ఒకరు చీరలు విప్పి చూపిస్తూ ఉండేవారు.

"నేను వెళ్ళను బాబాయ్, ఇంకెవరినైనా పంపు" అన్నాను.

"ఎవర్ని పంపమంటావే? మీ అన్నయ్యకి నోరు లేదు, నాకు తీరిక లేదు. నీకు రెండూ ఉన్నాయి. గోరింటాకు వేళకి వచ్చేస్తావులే, వెళ్ళు" అన్నాడు.

వచ్చేయాలనే నిర్ణయించుకున్నాను. అంత తొందరతొందరగా ఊరు చూపించిన మనిషి మా జిల్లాలో నాకు ముందు లేదు, తరవాత లేదు. డ్రైవరు పక్కన నిలబడి, "ఇవి అరటితోటలండి. అవి కొబ్బరితోటలండి. దిగక్కర్లేదండి, ఇక్కణ్ణించే బాగా కనిపిస్తాయండి" అని అప్పజెబుతూ పోయాను. కెమెరా పట్టుకున్న ఒకాయన కిటికీ అద్దం జరిపేసరికి కొబ్బరితోట అయిపోయి కాలవ లాకులొచ్చేవి, లాకుల వైపు తిరిగేసరికి అవీ దాటిపోయేవి. చివరికి పెళ్ళికొడుకు మేనమామ నెమ్మదిగా, "పాపా, మేము చూసినామని నువ్వు అనుకుంటాండావు గానీ మేము ఇంకా ఏమీ చూడలేదమ్మా" అన్నాడు. నేను వినిపించుకోలేదు.

అయితే నా తొందరకి మా బాబాయే అడ్డుకట్ట వేసి ఉంచాడని నాకు తెలీదు. దారిలో ఉన్న మా చుట్టాలందరికీ ముందే కబురు పెట్టాడట, పెళ్ళివారు వస్తున్నారు, కొబ్బరిబొండాలు మాత్రం ఇవ్వండి చాలు అని. మా వైపు మనుషులకి 'ఇది మాత్రం చాలు' అని చెప్పడం కంటే పొరపాటు లేదు. మిగతాది మీ పరువుకి వదిలేస్తున్నాం అన్నట్టు వినిపిస్తుంది వాళ్ళకి. మొదటి ఇంట్లో మా అత్తయ్య బొండాలతో పాటు పెసరట్లు వేసింది. పెసరట్లు వేశారన్న సంగతి మేము చేరేలోపే ఫోన్లో పెదనాన్న గారింటికి చేరిపోయింది కాబోలు, అక్కడ గారెలూ, పరమాన్నమూ, పూతరేకులూ. ఇంక ఎక్కడా ఆపొద్దని డ్రైవరుకి దణ్ణం పెట్టి చెప్పాను. గట్టు మలుపులో అమ్మకి వరసకి బాబాయి అయ్యే తాతయ్య కండువా భుజాన వేసుకుని బస్సుకి అడ్డంగా నిలబడ్డాడు.

"మా గుమ్మం దాటి వెళ్ళిపోతారాండి? మేమేం పాపం చేశామండి?"

"తాతయ్యా, వాళ్ళింక తినలేరు" అన్నాను ఏడుపు గొంతుతో.

"తినలేకపోతే కాసేపు పడుకుని తింటారమ్మా. మంచాలు వేయించాను" అన్నాడు తాతయ్య.

నిజంగానే వేయించాడు. కొంతమంది నిజంగానే పడుకున్నారు. పెళ్ళికొడుకు మేనమామ అయితే, పాపం, గుర్రు కూడా పెట్టాడు. నేను వాకిట్లో నిలబడి, ఈపాటికి అక్కడ గోరింటాకు రుబ్బడం అయిపోయి ఉంటుందని లెక్కలు వేసుకుంటూ గోళ్ళు కొరుక్కున్నాను.

కొవ్వూరు రేవుకి చేరేసరికి ఎండ చల్లబడిపోయింది. బాబాయి వంతెన దాటించి రాజమండ్రి, అటునుంచి ధవళేశ్వరం ఆనకట్ట కూడా చూపించమన్నాడు. ఆ రెండింటినీ నేనే రద్దు చేశాను. మెట్ల మీద నిలబడి, "అదిగో గోదావరండి. అవి వంతెనలండి. అవతల రాజమండ్రండి. పదండి" అన్నాను. తిన్నది అరగక ఆయాసపడుతున్నవాళ్ళంతా సంతోషంగా బస్సు వైపు తిరిగారు. ఒక్క పెళ్ళికొడుకు నానమ్మ తప్ప. ఆవిణ్ణి వాళ్ళందరూ అవ్వ అంటారు. మేము ఉత్త అవ్వ అనడానికి నోరు రాక అవ్వగారు అనేవాళ్ళం. ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, మెట్టు మీద కూర్చుని, రెండు పాదాలూ నీళ్ళలో పెట్టేసింది.

"అవ్వగారూ, చీకటి పడిపోతుందండి."

"పడనీలే పాపా. మీకు దినామూ ఉండే నీళ్ళు. మాకు యాడ వస్తాయి ఇన్ని నీళ్ళు? రోంతసేపు కూర్చోనీ."

ఆ రోంతసేపు ఎంతకీ అవ్వలేదు. దోసిట్లోకి నీళ్ళు తీసుకుని చూసేది, వదిలేసేది, మళ్ళీ తీసుకునేది. ఒకసారి నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది కూడా. నేను నదికి వీపు పెట్టి, బస్సుకేసి చూస్తూ కూర్చున్నాను.

ఇంటికి వెళ్ళేసరికి పందిట్లో దీపాలు వెలిగాయి. మధ్యగదిలో చాపమీద అక్క, చుట్టూ ఊళ్ళో ఆడవాళ్ళు, రెండు చేతులకీ మణికట్టు దాకా గోరింటాకు. పిన్ని పెట్టేసిందట. "నువ్వొచ్చేదాకా ఆగితే అది ఎండేదెప్పుడు, పండేదెప్పుడే?" అంది. పెరట్లోకి పోయి నూతి గట్టు మీద కూర్చుని ఏడ్చాను. పెళ్ళివారినీ, బాబాయినీ, పెసరట్లనీ, అందర్నీ తిట్టుకున్నాను. అక్కని కూడా తిట్టుకున్నాను. కాసేపటికి అమ్మ వచ్చి, "లేవే, లేచి దానికి అన్నం తినిపించు. చేతులు ఖాళీ లేవు కదా, ఎవరు పెడతామన్నా తిననంటోంది. నువ్వొస్తేగానీ తినదట" అంది.

వంటింట్లో తలుపు దగ్గరగా వేసుకుని ఇద్దరం పీటల మీద కూర్చున్నాం. అక్క చేతులు రెండూ గాల్లో పెట్టుకుని నోరు తెరిచింది. పప్పన్నం ముద్దలు చేసి పెడుతున్నాను. అక్క ముద్ద నములుతూ అడిగింది.

"గోదావరి ఎలా ఉందే?"

"ఎలా ఉంటుంది? ఉంది."

"ఎర్రనీళ్ళు వచ్చాయన్నారు నాన్న. మెట్లు మునిగాయా? లంకలవైపు కూడా నిండిందా? రేపు నన్నెవరూ అటు పోనివ్వరు. చెప్పవే."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బస్సెడు జనానికి చూపించుకుని వచ్చానే గానీ, ఆ సాయంత్రం గోదావరి ఏ రంగులో ఉందో నాకు తెలీదు. అవ్వగారి పక్కన అంతసేపు కూర్చుని కూడా తెలీదు. "నేను చూళ్ళేదే అక్కా" అన్నాను. అక్క పొలమారేటంతగా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళవెంట నీళ్ళు తెచ్చుకుంది. చేతులు ఖాళీ లేవు కనక నేనే నా పమిటతో తుడిచాను. తుడిచినకొద్దీ వచ్చాయి. ఎప్పుడు నవ్వు ఆగిందో, ఎప్పుడు ఏడుపు మొదలైందో ఇద్దరికీ తెలీలేదు.

అక్క అనంతపురం వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. నేను రాజమండ్రిలో ఉంటాను. ఇప్పుడు మా ఇంటికి ఏ పెళ్ళికి చుట్టాలొచ్చినా, ఎవరూ పురమాయించకుండానే వాళ్ళని రేవుకి నేనే తీసుకెళతాను. కాసేపటికి వాళ్ళకే విసుగొచ్చి, చూసింది చాలు పదండి అంటారు. నేను లేవను. "రోజూ ఉండేదేగా అమ్మా, ఏం చూస్తావు అంతలా?" అని మా అమ్మాయి నవ్వుతుంది. ఆ రోజు నదికి వీపు పెట్టి బస్సుకేసి చూస్తూ కూర్చున్న పిల్లని తలుచుకుని నేనూ నవ్వుతాను. నీళ్ళు ఎంతదాకా వచ్చాయని సాయంత్రం అక్క ఫోన్లో అడుగుతుంది. చూళ్ళేదని ఒకసారి చెప్పాను, చాలు.