ఆలివ్ కాయల ఆవకాయ

మొన్న శుక్రవారం పొద్దున్నే మా మేనల్లుడు ఈ అరబ్బు దేశంలో ఫర్వానియాలోని మా ఇంటికి వచ్చి, వాళ్ళ ఆఫీసు కుర్రాళ్ళంతా వఫ్రా తోటల్లోకి సైకిల్ యాత్ర పెట్టుకున్నారనీ, ఆలివ్ చెట్ల మధ్య ముప్ఫై కిలోమీటర్లు తొక్కుతారనీ, నన్ను కూడా రమ్మనీ పిలిచాడు. వాడి నెత్తిన గుమ్మడి డిప్పలాంటి టోపీ, ఒంటికి రెండో చర్మంలా అతుక్కుపోయిన బట్టలు, పక్కన వేలితో ఎత్తితే లేచేంత తేలికైన సైకిలు. నాకంటే ముందే నా మోకాళ్ళు రిటైరయ్యాయి కనుక మర్యాదగా వద్దన్నాను గానీ, ఆ తోటల్లో టోపీ లేకుండా, ఒక సైకిలుకైతే బ్రేకు కూడా లేకుండా తిరిగిన ముగ్గురిలో నేనూ ఒకణ్ణని ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు అన్నం సయించేలా లేదు. కుర్రాళ్ళకు చెబితే నవ్వుతారు, నా ఈడువాళ్ళు మీరైతే నవ్వినా నమ్ముతారు.

అప్పుడు నేను సల్వాలో ఒక ఇంట్లో వంటవాణ్ణి. వచ్చి మూడు నెలలు కాలేదు, ఇఖామా మీద, అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం మీద, ముద్ర ఇంకా ఆరలేదు. ఊళ్ళో ఏజెంటు కాగితం ముందు పెట్టుకుని ఏమేం వచ్చు అని అడిగినప్పుడు అన్నీ వచ్చన్నాను. కోనసీమ వంటవాడి నోట మిగతావన్నీ వస్తాయి గానీ 'రాదు' అన్న మాట మాత్రం రాదు. అది మా వృత్తిలో ఆచారం. మా గురువుగారు, అంటే మా పెదనాన్న, పెళ్ళివారు ఏ వంటకం పేరు చెప్పినా తలూపి బయానా పుచ్చుకుని, ఆ తరువాతే అదేమిటో కనుక్కునేవాడు. నేనూ ఆ బడిలోనే చదివాను.

ఇంటావిడను పనివాళ్ళందరిలాగే నేనూ మామా అని పిలిచేవాణ్ణి. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. ఆ ఏడే వాళ్ళ నాన్నగారు పోయారు. వఫ్రాలో ఆయన తన చేతులతో నాటిన ఆలివ్ చెట్లు కొన్ని ఉన్నాయి. ఆయన పోయాక వచ్చిన మొదటి కాపు ఒక పెద్ద బుట్టెడు తెచ్చి నా ముందు పెట్టి, రెండు వారాల్లో తన అన్నదమ్ములంతా భోజనానికి వస్తున్నారనీ, నాన్న చెట్ల జైతూన్, అంటే ఆలివ్ ఊరగాయ వాళ్ళ పళ్ళెంలో ఉండాలనీ, ఇది పెట్టడం వచ్చా అనీ అడిగింది. కోనసీమవాణ్ణి ఊరగాయ వచ్చా అని అడగడం గోదావరిని నీళ్ళున్నాయా అని అడగడమే. అప్పటిదాకా నేను ఆ కాయను చెట్టున గానీ బుట్టలో గానీ చూసి ఎరగను. ఆకుపచ్చగా, గుండ్రంగా, గింజతో ఉంది. ఉసిరికాయకు దూరపు చుట్టం అనుకున్నాను. ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె లెక్క తప్పకుండా కలిపి బుట్టెడు కాయలకూ దివ్యంగా ఆవకాయ పెట్టేశాను.

నాలుగైదు రోజులకు జాడీ మూత తీసి ఒక కాయ నోట్లో వేసుకున్నాను. దాని ముందు కాకరకాయ మిఠాయి. ఇంకో రెండు రోజులు ఊరితే తగ్గుతుందేమోనని చూశాను, నూనెకు కూడా చేదెక్కింది. చచ్చిపోయిన తండ్రి చెట్ల కాపు మొత్తం నా చేతిలో పాడైపోయింది, వచ్చే శుక్రవారం భోజనం. అది తెలిసిన నాడు నన్ను విమానం ఎక్కిస్తారనడంలో నాకు అనుమానం లేదు.

సెలవు రోజు కాబట్టి ఆ పొద్దున్నే ఒక సీసాలో కొంచెం పట్టుకుని, అబూ హలీఫాలో మా బావ ఉండే గదికి పరిగెత్తాను. బావ మా అక్క మొగుడు, కింద బకాలా, అంటే కిరాణా కొట్లో సామాన్లు ఇళ్ళకు చేరవేసేవాడు. ఆయనకు ఇదసలు కష్టమనే అనిపించలేదు. కొట్లో ఆలివ్ డబ్బాలు వరసగా ఉన్నాయి, మూతలు ఊడదీసి కాయలు జాడీలో పోసెయ్యమన్నాడు.

"ఎవుడికి తెలుత్తాదిరా? కాయ మీద ఆళ్ళ నాన్న పేరేమన్నా రాసుందా?"

నిజం చెప్పాలంటే నాకు ఆ సలహా బాగా నచ్చింది. కానీ ఆయన గదిలోనే ఉండే రాయచోటి భాయ్, తన మేనమామ వఫ్రాలో ఒక ఆలివ్ తోటలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాడనీ, చేదు విరిచే మందేదో ఆయనకు తెలిసే ఉంటుందనీ అన్నాడు. భాయ్ కూరగాయల ట్రక్కు నడిపేవాడు, ఆ రోజు లోడుకు అక్కడికే వెళ్ళాలి. తోట మాత్రం తను చూడలేదు, నీలం గేటు అని విన్నాడంతే. ట్రక్కు లోడయ్యేలోపు తోటలన్నీ వెతకాలంటే సైకిళ్ళే దిక్కు. ముందు పెట్టెతో బావ బకాలా సైకిలు, లాండ్రీవాడి దగ్గర అడిగి తెచ్చిన నా సైకిలు, గంట ఉండి బ్రేకు లేని భాయ్ సైకిలు, మూడూ ట్రక్కు వెనక పడేసుకుని బయలుదేరాం.

దారి చెప్పే ఫోన్లు లేని రోజులు. వఫ్రాలో దిగి తొక్కడం మొదలుపెట్టాక తెలిసింది, అక్కడ రెండు గేట్లలో ఒకటి నీలమే. అయినా ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ చెప్పలేను. మూడు నెలలుగా వంటింటి టైల్సు తప్ప చూడని కళ్ళకు తడి మట్టి, టమాటా మడులు, గాలిని ఆపడానికి నాటిన చెట్ల వరసలు, ఆ వెనక ఆలివ్ తోటలు. గాలి వీచినప్పుడల్లా ఆ ఆకులు తిరగబడి వెండిలా మెరిసేవి. ఉద్యోగం ఊడబోతోందన్న సంగతి తొక్కుతున్నంతసేపూ కాళ్ళకు గుర్తులేదు, గేటు దగ్గర ఆగినప్పుడల్లా గుండెకు గుర్తొచ్చేది.

తప్పంతా నా ఆవపిండిదే తప్ప కాయది కాదని మా బావ గట్టి నమ్మకం. రోడ్డు మీదికి వంగిన ఒక కొమ్మకు నల్లగా నిగనిగలాడే కాయ కనబడగానే, నలుపైతే నేరేడులా పండినట్టేనని తీర్పు చెప్పి, సైకిల్ ఆపకుండానే తెంపి నోట్లో వేసుకున్నాడు. తరువాత ఆయన రెండు చేతులూ నోటికి వెళ్ళాయి, సైకిలు దాని దారిన అది కాలవలోకి వెళ్ళింది. పెట్టెలో ఉన్న నా సీసా మాత్రం పగల్లేదు, దానికి చావు కూడా చేదైనట్టుంది.

పదకొండో నీలం గేటు దగ్గర భాయ్ మేనమామ దొరికాడు. తెల్లగడ్డం, కడప మాట. మమ్మల్ని చెట్టు కింద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, నా ఆవకాయ నాలుకకు తగిలించుకుని, ఉమ్మేసి, చాలాసేపు నవ్వాడు. ఆలివ్ కాయను ముందు రాయితో ఒక్కొక్కటే చితక్కొట్టాలట, గింజ పగలకూడదట, రోజూ నీళ్ళు మారుస్తూ పన్నెండు రోజులైనా నానేస్తేగానీ చేదు దిగదట, ఉప్పూ నిమ్మకాయా ఆ తరువాతేనట. నా కాయల మాటేమిటంటే మట్టిలో పూడ్చమన్నాడు. పన్నెండు రోజులు, నాకున్నవి ఏడు. బావ మళ్ళీ డబ్బాల మాట ఎత్తాడు. అప్పుడా పెద్దాయన నవ్వు ఆపి నా వైపు తిరిగాడు.

"సూడబ్బీ, ఆ యమ్మ సిన్నప్పట్నుంచి వాళ్ళ నాయిన కాయలు తిని పెరిగింది. ఆ యమ్మ నాలిక్కి తెలీదా? పొయ్యి నాకు రాదని సెప్పు. పోతే పన్జేసే సోటు పోతాది, మోసం సేస్తే మొగమే పోతాది."

తిరుగుదారి పట్టాం. ట్రక్కులో టమాటా పెట్టెల మీద సైకిళ్ళు, ముందు సీట్లో మేము. 'రాదు' అన్న మాటను అరబ్బీలో ఎలా అనాలో భాయ్ దగ్గర దారంతా నేర్చుకుంటూ వచ్చాను. మన దగ్గర మాఫీ అంటే తప్పు వదిలెయ్యడం, ఇక్కడ మాఫీ అంటే లేదు అని, నాకు రెండూ కావలసి వచ్చాయి.

సాయంత్రం వంటింట్లో మామా ముందు జాడీ పెట్టి, మూత తీసి, నేర్చుకున్నది అప్పజెప్పాను.

"మామా, అనా మాఫీ మాలూం."

ఆవిడ ఒక కాయ కొరికింది. ఉమ్మలేదు, మింగింది. నా వంక చూడకుండా "ఖలాస్" అనేసి లోపలికి వెళ్ళిపోయింది. నేను గదిలోకి పోయి పెట్టె సర్దుకున్నాను, సర్దడానికి పెద్దగా ఏమీ లేకపోవడం ఆ రోజు కలిసొచ్చింది.

పొద్దున డ్రైవరు తోటకు వెళ్ళి చెట్ల చివర మిగిలిన కాయలు కోసుకొచ్చాడు. అర బుట్ట కూడా లేవు. మామా వంటింటి నేల మీద గోనె పరిపించి, రెండు రాళ్ళు తెచ్చి, ఒకటి నా చేతికిచ్చి, తను రెండోది పట్టుకుని చేతులు పైకి మడుచుకుని ఎదురుగా కూర్చుంది. గింజ పగిలేలా కొడితే నాలుక చప్పరించేది, సరిగ్గా కొడితే ఏమీ అనేది కాదు. పెట్టె మళ్ళీ విప్పుకోవచ్చని నాకు అర్థమైంది. వంటింట్లోకి వచ్చిన ప్రతివాడూ వచ్చనే చెప్పాడు, రాదన్నవాణ్ణి నిన్నే చూస్తున్నాను అని కాసేపటికి అంది, మెచ్చుకుందో తిట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.

శుక్రవారం అన్నదమ్ములొచ్చారు. జైతూన్ ఏదని వాళ్ళలో పెద్దాయన అడిగితే, నాన్న కాయలు ఈ ఏడు ఆలస్యమయ్యాయి, వచ్చే నెల రండి అని ఆవిడే చెప్పింది. నేను గుమ్మం దగ్గర మాంసం పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. మళ్ళీ నెల వాళ్ళు వచ్చారు, ఒక్క కాయ మిగలలేదు.

ఆ ఇంట్లో నేను పదహారేళ్ళు వండాను. ప్రతి చలికాలం ఒక రోజు ఆవిడా నేనూ గోనె మీద కూర్చుని కాయలు కొట్టేవాళ్ళం, ఆవిడ వాళ్ళ నాన్న కబుర్లు చెప్పేది, నేను మా పెదనాన్న కోతలు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఏ ఊరగాయైనా ఫోనులో చూసి గంటలో నేర్చుకుంటున్నారు. బాగానే వస్తోంది, తిన్నాను, వంకపెట్టడానికి లేదు. రాదని చెప్పవలసిన అవసరమే ఎవరికీ రావడం లేదు. అందుకే కాబోలు, ఎవరూ రెండో రాయి తెచ్చుకుని ఎదురుగా వచ్చి కూర్చోవడం కూడా లేదు.